ఇంటి వ్యాపారమునకు బీమా: మన కుటుంబములు తెలిసికొనవలసిన విషయములు

(ఇందిరాపురములో రైల్వే, తపాలా ఉద్యోగుల కుటుంబముల సమావేశమున ఇచ్చిన ప్రసంగ పాఠము)



కరవుభత్యము, పెన్షను, ఖాళీల భర్తీ, బదిలీలు – మన సభలలో నిత్యము చర్చకు వచ్చు విషయములివి. ఈనాడు మేము ప్రస్తావింపదలచినది వీటిలో ఏదియు కాదు. మన ఇండ్ల లోపల జరుగుచున్న ఒక పనిని గురించి మాటలాడదలచినాము. ఆ పని మన వేతన పట్టికలో కనిపించదు. మన తీర్మానములలో దానికి పేరు లేదు. అయినను ఎన్నో కుటుంబములలో పిల్లల చదువు ఫీజు, ఇంటి అప్పు వాయిదా ఆ పని మీదనే నడచుచున్నవి. అదియే ఇంటి నుండి నడుచు చిన్న వ్యాపారము.

మనము కూర్చున్న ఈ ఇందిరాపురమునే తీసికొందము. ఢిల్లీ తూర్పు సరిహద్దు దాటగానే, హిండన్ నదికి ఇవతల, గాజియాబాద్ అభివృద్ధి సంస్థ వేసిన పేట ఇది. అహింసా ఖండ్, న్యాయ్ ఖండ్, నీతి ఖండ్, జ్ఞాన్ ఖండ్ – వీధుల పేర్లు చూచినచో శతక పద్యములు గుర్తుకు వచ్చును. ఉన్నవి మాత్రము అంతస్తుల మీద అంతస్తులు. ఆ అంతస్తులలో తలుపు తట్టి చూడుడు. ఒక ఇంట ఆవకాయ జాడీలు, కారప్పొడి పొట్లములు. ఒక ఇంట మంగళగిరి, పోచంపల్లి చీరల మూటలు. ఒక ఇంట రెండు కుట్టుమిషన్లు. ఒక ఇంట సాయంత్రము ఇరువదిమంది పిల్లలకు ట్యూషను. ఒక ఇంట ఉద్యోగమునకు పోవు తల్లుల పసిబిడ్డల సంరక్షణ. ఒక ఇంట కంప్యూటరు ముందు కూర్చుని లెక్కలు వ్రాయుచున్న కోడలు. బయట బోర్డు లేదు, లోపల వ్యాపారము ఉన్నది.

ఈ వ్యాపారములో ఎవరును దొంగలు కారు, దొరలును కారు. కష్టపడి నాలుగు రూపాయలు తెచ్చుకొనుచున్న మన వారే. కాని ఒక రాత్రి వైరింగు అంటుకొన్నను, ఒకనాడు తాళము పగిలినను, ఒక పొట్లము తిని ఎవరైన ఆసుపత్రి పాలైనను ఆ నష్టము ఎవరిది? ఈ ప్రశ్నకు సమాధానము ముందుగా వెదకుకొనవలెనని చెప్పుటయే మా ఉద్దేశము.

విలువ ప్రకటింపని పార్సెలు

బీమా మూలసూత్రమును మన వారికి క్రొత్తగా నేర్పవలసిన పని లేదు. పార్సెల్ ఆఫీసులో పనిచేసిన ప్రతి రైల్వే సోదరుడు దానిని ఎరుగును. 1989 రైల్వే చట్టము 103వ సెక్షను ప్రకారము, పంపువాడు బుకింగు వేళ సరకు విలువను వ్రాసియిచ్చి, దానిపై శాతపు రుసుము చెల్లింపనిచో, సరకు పోయినపుడు రైల్వే బాధ్యత తూకమును బట్టి నిర్ణయించిన పరిమితిని దాటదు. మూటలో పట్టుచీరలున్నను, పాత గుడ్డలున్నను లెక్క కిలోలలోనే. తపాలా సోదరులకు ఇన్సూరు చేసిన పార్సెలు సంగతి తెలియును. విలువ ప్రకటించి, సీలు వేయించి, రుసుము కట్టినదానికే ఆ మేరకు పూచీ.

మన ఇండ్లలోని వ్యాపారములలో చాలవరకు విలువ ప్రకటింపని పార్సెళ్లే. ఇంటికి పాలసీ ఉండవచ్చును, ఉద్యోగికి గ్రూపు బీమా ఉండవచ్చును, బండికి ఇన్సూరెన్సు ఉండవచ్చును. ఆ మూడింటిలో దేనిలోను వ్యాపారము మాట లేదు. చెప్పని దానికి రక్షణ లేదు. ఈ ప్రసంగములో మేము చెప్పబోవు వివరములన్నియు ఈ ఒక్క మాటకు వ్యాఖ్యానములే.

ఉద్యోగ రక్షణ ఎంతవరకు?

ఉద్యోగి విషయమున మన పూర్వులు చేసిన పోరాటము వృథా పోలేదు. తపాలా జీవిత బీమా 1884 ఫిబ్రవరి 1వ తేదీన తపాలా ఉద్యోగుల కొరకే మొదలైనది. 1894లోనే తపాలా తంతి శాఖలోని స్త్రీ ఉద్యోగులకును దానిలో చోటు లభించినది. కేంద్ర ప్రభుత్వోద్యోగుల గ్రూపు బీమా పథకము 1982 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చినది. వైద్య సదుపాయము, కుటుంబ పెన్షను, సెలవులు మనకు ఉన్నవి.

అయితే ఇవన్నియు ఉద్యోగి ప్రాణమునకు, ఉద్యోగి జీతమునకు సంబంధించిన రక్షణలు. అదే ఇంటిలో ఉద్యోగి భార్య గాని, విశ్రాంత జీవితమున ఉన్న తండ్రి గాని, ఉద్యోగము దొరకని కుమారుడు గాని చేయు వ్యాపారమునకు ఇవి వర్తింపవు. భార్య చేయి కాలినచో రైల్వే ఆసుపత్రి కట్టు కట్టును. కాని ఆరు వారములు ఆమె మిషను త్రొక్కలేకపోయినచో ఆ ఆదాయమును ఇచ్చువారు లేరు. ఒకే కప్పు క్రింద ఒక మనిషి పనికి సగము శతాబ్దపు పోరాటముతో వచ్చిన రక్షణ ఉన్నది, రెండవ మనిషి పనికి ఏమియు లేదు. ఈ తేడాను గుర్తించుట సంఘము బాధ్యత కాదని మేమనుకొనము.

ఇంటి పాలసీ ఇంటికే

మొదట ఇంటి పాలసీని చూతము. 2021 ఏప్రిల్ 1 నుండి బీమా నియంత్రణ సంస్థ ఆదేశము మేరకు సాధారణ బీమా కంపెనీలన్నియు ‘భారత్ గృహ రక్ష’ అను ఒకే తీరు పాలసీని ఇచ్చుచున్నవి. అగ్ని, పిడుగు, భూకంపము, తుఫాను, వరద, అల్లర్లు మొదలగు వాటి వలన కలుగు నష్టమునకు ఇది వర్తించును. భవనమునకు బీమా చేసినచో, అందులో 20 శాతము మేరకు, 10 లక్షల రూపాయలకు మించకుండ, ఇంటి సామానునకు గూడ రక్షణ దానంతట అదే లభించును. నిజముగా మంచి పాలసీ.

కాని ‘ఇంటి సామాను’ అనగా ఏమి? కుర్చీలు, మంచములు, టెలివిజను, వంట పాత్రలు, బట్టలు – కుటుంబము వాడుకొనునవి. అమ్మకమునకు తెచ్చిన అరువది చీరలు ఇంటి బట్టలు కావు. డబ్బాలకెత్తిన 200 కిలోల పచ్చడి ఇంటి వంట కాదు. ఇక్కడనే మన వారు పొరబడుచున్నారు. ఒకే బీరువాలో పై అరలో ఇంటి చీరలు, క్రింది అరలో అమ్మకపు చీరలు ఉండవచ్చును. నిప్పుకు ఆ రెండింటికి భేదము తెలియదు, సర్వేయరుకు తెలియును.

పైగా పాలసీ తీసికొన్నపుడు నివాసమని వ్రాసి, పిమ్మట ఒక గదిని వర్క్‌షాపుగా మార్చి కంపెనీకి తెలుపకున్నచో, గృహ భాగమునకు రావలసిన పరిహారము మీదను వివాదము రావచ్చును. కావున మార్పు జరిగిన వెంటనే లిఖితపూర్వకముగా తెలిపి, ఎండార్సుమెంటు తీసికొనవలెను. ఏజెంటుతో నోటిమాటగా చెప్పినది చెప్పినట్లు కాదు.

దొంగతనము సంగతి వేరు. గృహ రక్ష పాలసీలో అగ్ని, వరద వంటి ప్రమాదము జరిగిన 7 దినములలోపల, ఆ సందున జరిగిన దొంగతనమునకే పూచీ. సంక్రాంతికి ఊరు వెళ్ళి వచ్చునప్పటికి తలుపు పగిలి యున్నచో దానికి ‘బర్‌గ్లరీ’ పాలసీ వేరుగా ఉండవలెను. ఆ పాలసీలలో గూడ బలప్రయోగముతో లోపల ప్రవేశించిన ఆనవాలు ఉండవలెనను షరతు సాధారణము. అట్టి షరతు ఉన్నచోట బలప్రయోగము లేనిదే పరిహారము రాదని 2004లో సుప్రీం కోర్టు తీర్పు చెప్పినది. తాళము వేయుట మరచి పోగొట్టుకొన్న సరకునకు బీమా మీద ఆశ పెట్టుకొనరాదు.

అమ్మకపు సరకులకు తగినది ‘భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష’ అను పాలసీ. ఒక చోట నున్న ఆస్తుల విలువ 5 కోట్ల రూపాయల వరకు గల చిన్న సంస్థల కొరకు దీనిని 2021లోనే గృహ రక్షతో పాటు ప్రవేశపెట్టినారు. మిషన్లు, ఫర్నిచరు, ముడిసరకు, తయారైన సరకు దీనిలో చేరును. అగ్ని, దొంగతనము, నగదు, యంత్రముల చెడుట, ఇతరులకు బాధ్యత – ఇవన్నియు ఒకే పత్రములో కలిపి ‘షాప్ కీపర్స్’ పాలసీ అను పేరుతో ఇచ్చు కంపెనీలును ఉన్నవి. రెండు మూడు కంపెనీల నుండి షరతులను, ప్రీమియమును వ్రాతలో తెప్పించుకొని, పోల్చి చూచి తీసికొనుట మంచిది.

సగము విలువకు బీమా చేసినచో

ప్రీమియము తగ్గునను ఆశతో విలువ తగ్గించి వ్రాయుట మన వారిలో మరియొక అలవాటు. దీని ఫలితము ఒక లెక్క వేసి చూతము.

ఒక ఇంట 4 లక్షల రూపాయల చీరలు ఉన్నవనుకొందము. పాలసీ 2 లక్షలకే తీసికొన్నారు. నిప్పు అంటుకొని 1 లక్ష విలువగల చీరలు కాలిపోయినవి. పాలసీ 2 లక్షలకు ఉన్నది గదా, లక్ష వచ్చునని ఇంటివారు అనుకొందురు. రాదు. సగము విలువకు బీమా చేసినారు కనుక సగము నష్టమే, అనగా 50 వేలే వచ్చును. మిగిలిన సగమునకు మీరే మీకు బీమా కంపెనీ అని లెక్క. దీనిని సగటు సూత్రము అందురు. సూక్ష్మ ఉద్యమ్ పాలసీలో లోటు 15 శాతము లోపున్నచో దానిని పట్టించుకొనరు. గృహ రక్షలో ఈ సూత్రమే లేదు. కాని మన ఉదాహరణములో లోటు 50 శాతము కనుక కోత తప్పదు.

దసరా, దీపావళి ముందు సరకు ఇబ్బడిముబ్బడిగా తెప్పించుకొనువారు ఆ నెలల విలువను చూచుకొని బీమా చేయవలెను. చైత్రములోని సరకునకు బీమా చేసి, కార్తికములోని నష్టమునకు పరిహారము కోరినచో లెక్క కుదరదు.

ఇందిరాపురము వంటి చోట ఇది ఊహ మాత్రమే కాదు. 2023 జూలైలో ఢిల్లీ వద్ద యమున 208.66 మీటర్లకు చేరి పూర్వపు రికార్డులన్నియు దాటినది. ఆ నెలలోనే హిండన్ పొంగి గాజియాబాద్, నోయిడా ప్రాంతములలో పల్లపు కాలనీలు నీట మునిగినవి. ఏడవ అంతస్తులో ఉన్నవారికి వరద భయము లేకపోవచ్చును గాని సరకును బేస్‌మెంటు గదిలో దాచినవారికి ఉన్నది. సొసైటీ తీసికొన్న సామూహిక పాలసీ ఉన్నచో అది సాధారణముగా భవనమునకు, ఉమ్మడి భాగములకు. మీ బేస్‌మెంటు పెట్టెలోని మూటలకు కాదు.

ఇతరులకు కలుగు హాని

సరకు కాలినచో పోవునది సరకు విలువయే. ఇతరులకు హాని జరిగినచో పోవునది దానికి పదిరెట్లు కావచ్చును. దీనిని మన వారు అసలు తలపరు.

తినుబండారములు అమ్మువారు 2006 ఆహార భద్రతా ప్రమాణముల చట్టము క్రింద రిజిస్ట్రేషను గాని లైసెన్సు గాని పొందవలెను. ఇల్లు అయినను మినహాయింపు లేదు. ఆ చట్టము 65వ సెక్షను చూడుడు. ఆహారము వలన ఒకరు మరణించినచో పరిహారము 5 లక్షలకు తక్కువ కాదు. తీవ్రమైన హానికి 3 లక్షల వరకు, ఇతర హానికి 1 లక్ష వరకు. 2019 వినియోగదారుల రక్షణ చట్టము లోపభూయిష్టమైన వస్తువు వలన కలుగు హానికి తయారుదారుని, అమ్మకందారుని బాధ్యులను చేయుచున్నది. పచ్చడి సీసా మీద మీ పేరు అచ్చువేసినచో మీరే తయారుదారు. దీనికి ‘ప్రాడక్ట్ లయబిలిటీ’ బీమా ఉన్నది. పిల్లలు, గిరాకీదారులు ఇంటికి వచ్చు ట్యూషను, సంరక్షణ కేంద్రము, కుట్టుపని వంటివాటికి ‘పబ్లిక్ లయబిలిటీ’ బీమా. లెక్కలు, పన్నుల పని చేయువారికి వృత్తి పొరపాటుల బీమా. ఎవరి పని స్వభావమును బట్టి వారు ఎన్నుకొనవలెను.

సాయమునకు ఒక మనిషిని పెట్టుకొన్నవారు యజమానులే. పని సందర్భమున గాయపడిన పనివానికి యజమాని పరిహారము ఇయ్యవలెనను సూత్రము 1923 నాటి చట్టము నుండి మన దేశములో ఉన్నది. 2025 నవంబరు 21 నుండి అమలులోనికి వచ్చిన 2020 సామాజిక భద్రతా కోడ్‌లో అది చేరినది. పరిహారము కొరకు పోరాడిన చరిత్ర గల మనము, మన ఇంట పనిచేయు మనిషి విషయమున యజమానుల వలె తప్పించుకొన జూచినచో మనకు సిగ్గుచేటు. ఆమె వ్రేలు సూదిలో చిక్కినను, ఆమె చేతిపై నూనె పడినను ఆ భారము మోయుటకు బీమా చేయించుట మన ధర్మము.

వంటగ్యాసు విషయము. 14.2 కిలోల గృహ సిలిండరును వ్యాపార వంటకు వాడుట నిబంధనలకు విరుద్ధము. చమురు కంపెనీలు రిజిస్టరు చేసికొన్న వినియోగదారుల కొరకు ప్రమాద బీమాను ఏర్పరచినవి. దానికి మనము వేరుగా ప్రీమియము కట్టనక్కరలేదు. కాని గృహ సిలిండరుతో వ్యాపారము చేసి, ప్రమాదము జరిగిన పిమ్మట ఆ రక్షణను కోరుట చిక్కులను కొనితెచ్చుకొనుటయే. వాణిజ్య సిలిండరు ధర ఎక్కువే. ఆ ఎక్కువ ధరను వ్యాపారపు ఖర్చులో వేసికొనవలెను.

బండి సంగతియు అంతే. సొంత స్కూటరు మీద, కారులో సరకు చేరవేయుచుందురు. సొంత వాడుక వాహనముల పాలసీలో వాడుక పరిమితులను తెలుపు భాగమును చదివినచో, కిరాయి వాడుక, నమూనాలు గాని సొంత సామాను గాని కాని సరకుల రవాణా మినహాయింపబడినట్లు కనిపించును. దినమునకు ఇరువది డబ్బాలు చేరవేయు స్కూటరునకు ప్రమాదమైనచో ఆ ఒక్క వాక్యము అడ్డు రావచ్చును. కంపెనీని ముందుగనే అడుగుట మేలు.

పనిచేయు చేతులకు రక్షణ

సరకునకు, బాధ్యతకు బీమా చేసి, ఆ వ్యాపారమును నడుపు మనిషిని మరచిపోవుట తగదు. ఇల్లాలి పేర బ్యాంకులో గాని తపాలాలో గాని ఖాతా ఉన్నచో ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో ఏడాదికి 20 రూపాయలకు 2 లక్షల ప్రమాద బీమా లభించును. దీనికి వయస్సు 18 నుండి 70 వరకు. జీవన్ జ్యోతి యోజనలో ఏడాదికి 436 రూపాయలకు 2 లక్షల జీవిత బీమా. దీనిలో 18 నుండి 50 లోపు చేరవలెను. ఈ పథకములను మన కౌంటర్ల వద్ద వేలమందికి వివరించిన తపాలా సోదరుల ఇండ్లలోనే వీటిలో చేరనివారు ఉండరాదు.

ఇవి ఆరంభము మాత్రమే. తపాలా జీవిత బీమాలో ‘యుగళ్ సురక్ష’ అను పాలసీ ఉన్నది. దంపతులలో ఒకరికి అర్హత ఉన్నచో ఇద్దరి ప్రాణములకు ఒకే పాలసీలో రక్షణ. ఇద్దరి వయస్సును 21, 45 సంవత్సరముల మధ్య ఉండవలెను. గాయముచే పని మానవలసి వచ్చినపుడు వారమునకింత అని చెల్లించు వ్యక్తిగత ప్రమాద బీమా గూడ సాధారణ బీమా కంపెనీలలో లభించును. చేతిపని మీద బ్రదుకువారికి ఇది అత్యవసరము.

అప్పు తెచ్చి వ్యాపారము పెట్టినవారు మరియొక చట్టమును తెలిసికొనవలెను. 1874 వివాహిత స్త్రీల ఆస్తి చట్టము 6వ సెక్షను క్రింద, భర్త తన ప్రాణము మీద భార్యాబిడ్డల మేలు కొరకని స్పష్టముగా వ్రాయించి తీసికొన్న జీవిత బీమా సొమ్ము అప్పులవారి వశము కాదు. పాలసీ తీసికొనునపుడే ఆ పత్రము పూర్తి చేయవలెను. ఒక్క సంతకముతో వ్యాపారము మునిగినను కుటుంబము మునగకుండ ఉండును.

సేవా నిబంధనలు

ఇక్కడ ఉద్యోగులకు ఒక హెచ్చరిక చేయక తప్పదు. 1966 రైల్వే ప్రవర్తనా నియమములు, 1964 కేంద్ర సివిలు సర్వీసుల ప్రవర్తనా నియమములు – రెండింటిలోను 15వ నియమము ప్రకారము, ముందుగా అనుమతి లేనిదే ఉద్యోగి స్వయముగా వ్యాపారము చేయరాదు. కుటుంబ సభ్యులు వ్యాపారము చేయుచున్నచో, బీమా ఏజెన్సీ నడుపుచున్నచో ఆ సంగతిని శాఖకు తెలుపవలెను. వారి వ్యాపారమునకు ఆఫీసులో గిరాకీ చూచిపెట్టుటయు తప్పే. ప్రభుత్వ క్వార్టర్లలో నివాసము తప్ప వ్యాపారము నడపరాదు.

ఈ భయము చేతనే చాలమంది దాచుచున్నారు. శాఖకు చెప్పరు కనుక బీమా కంపెనీకి చెప్పరు. బీమా కంపెనీకి చెప్పరు కనుక ప్రమాదమునాడు దిక్కు లేదు. కుటుంబ సభ్యురాలు తన సొంత ఇంటిలో, తన పేర నడుపు వ్యాపారమును గురించి శాఖకు ఒక కాగితము వ్రాయుట నేరము కాదు, నియమము కోరినదే అది. భార్య పేర ఉద్యమ్ రిజిస్ట్రేషను చేయించుకొనుట 2020 జూలై 1 నుండి ఉచితము. దానితో వ్యాపారమునకు ఒక పేరు, ఒక నంబరు ఏర్పడును. పాలసీ కూడ ఆమె పేరననే ఉండవలెను. వ్యాపారము భార్యది, పాలసీ భర్తది అయినచో క్లెయిమునాడు మొదటి ప్రశ్న అక్కడనే పుట్టును.

గ్రామములలోని మన జి.డి.ఎస్. సోదరుల స్థితి వేరు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో ఎన్నో చోట్ల బ్రాంచి పోస్టాఫీసు ఆ సేవకుని ఇంటి గదిలోనే ఉన్నది. జీవనమునకు వేరు ఆదాయ మార్గము ఉండవలెనని శాఖయే కోరుచున్నది. పక్క గదిలో కిరాణా కొట్టో, కుట్టుమిషనో ఉండుట సహజము. వారికి మా మనవి ఒక్కటి. ప్రభుత్వపు సొమ్ము, వ్యాపారపు సొమ్ము ఒకే పెట్టెలో ఉంచరాదు. రెండు పెట్టెలు, రెండు పుస్తకములు. సొంత కొట్టునకు సొంత పాలసీ. ఒక దొంగతనము జరిగినచో ఏది ఎవరి సొమ్మని తేల్చుట ఎంత కష్టమో, దాని భారము ఎవరి మీద పడునో అనుభవజ్ఞులకు చెప్పనక్కరలేదు.

కాగితము ముఖ్యము

పాలసీ ఉన్నంత మాత్రమున డబ్బు రాదు, రుజువు ఉండవలెను. ఊరి నుండి చీటీ మీద తెచ్చిన చీరలకు విలువ ఎట్లు చూపుదురు? ప్రతి కొనుగోలునకు బిల్లు తీసికొనవలెను. ఒక సరకు పుస్తకము వ్రాయవలెను. నెలకొకసారి ఫోనుతో సరకు చిత్రములు తీసి, ఆ చిత్రములను, పాలసీ ప్రతిని ఇంటి బయట మరియొకరి వద్ద గూడ ఉంచవలెను. కాలిన ఇంటిలోని బీరువాలో కాలిపోయిన పాలసీ వలన ప్రయోజనము తక్కువ.

ప్రీమియము గడువు దాటనీయరాదు. 1938 బీమా చట్టము 64-వి.బి. సెక్షను ప్రకారము ముందుగా ప్రీమియము అందనిదే కంపెనీకి బాధ్యత లేదు. ఏజెంటు చేతిలో నగదు పెట్టి రసీదు తీసికొనకుండుట మహా ప్రమాదము.

నష్టము జరిగినచో వెంటనే కంపెనీకి వ్రాతలో తెలుపవలెను. అగ్ని అయినచో అగ్నిమాపక శాఖ నివేదిక, దొంగతనమైనచో పోలీసు ఎఫ్.ఐ.ఆర్. తీసికొనవలెను. సర్వేయరు చూడకముందే కాలిన సరకును పారవేయరాదు.

క్లెయిము త్రోసిపుచ్చినచో నిరాశ పడనక్కరలేదు. మొదట కంపెనీ ఫిర్యాదుల అధికారికి వ్రాయవలెను. నెల లోపల సమాధానము రాకున్నను, వచ్చిన సమాధానము న్యాయముగా లేకున్నను, సంవత్సరము లోపల బీమా అంబుడ్స్‌మన్ వద్దకు పోవచ్చును. వ్యక్తుల పాలసీలే గాక, ఏక యజమాని వ్యాపారములు, సూక్ష్మ సంస్థల పాలసీలు గూడ వారి పరిధిలోనివే. ఫీజు లేదు, వకీలు అక్కరలేదు. గాజియాబాద్ జిల్లాకు ఆ కార్యాలయము నోయిడాలోను, తెలుగు రాష్ట్రములకు హైదరాబాదులోను ఉన్నది. నియంత్రణ సంస్థ 155255 నంబరునకు గూడ ఫిర్యాదు చెప్పవచ్చును. వినియోగదారుల కమిషను తలుపులును తెరచియే ఉన్నవి. వ్యాపార సంస్థ తన నష్టము పూడ్చుకొనుటకు తీసికొన్న బీమా విషయమున వినియోగదారే కాగలదని 2023 ఏప్రిల్‌లో హర్సోలియా మోటార్స్ కేసులో సుప్రీం కోర్టు చెప్పినది.

సంఘము చేయవలసినది

ఇంతవరకు కుటుంబము చేయవలసిన పనులు చెప్పినాము. ఒక్కొక్క ఇల్లు ఒక్కొక్కటిగా బీమా కంపెనీ ముందు నిలిచినచో ఆ కంపెనీ చెప్పినదే షరతు. పదిమంది కలిసినచో మాట మారును. ఈ పాఠము కార్మికోద్యమమునకు ఎవరును నేర్పనక్కరలేదు. 1972లో అహమ్మదాబాదులో ‘సేవ’ సంఘము ఇంటి వద్ద పనిచేయు స్త్రీలను, చిల్లర వ్యాపారము చేయు స్త్రీలను యూనియనుగా కూర్చినది. 1992లో తమ సభ్యుల కొరకే ‘విమో సేవ’ను నెలకొల్పినది. ఇంట పనిచేయు స్త్రీని బీమా ఏజెంటు వెదకి రాని దినములలో, ఆమె యూనియనే ఆమెకు బీమాను తెచ్చియిచ్చినది. 1996లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటి వద్ద పనిచేయువారి కొరకు 177వ ఒప్పందమును ఆమోదించినది. మన దేశము దానిని ఇంకను ధ్రువీకరింపలేదు.

కావున మేము మూడు పనులు సూచించుచున్నాము. మొదటిది – ప్రతి శాఖయు తన సభ్యుల కుటుంబములలో ఇంటి వ్యాపారముల పట్టిక తయారు చేయవలెను. పేర్లు బయట పెట్టనక్కరలేదు, పని రకము, సరకు విలువ చాలును. రెండవది – ఆ పట్టికను చేతపట్టుకొని, గ్రూపు పాలసీ కొరకు బీమా కంపెనీలతో ఫెడరేషను మాటలాడవలెను. మూడవది – ప్రతి శాఖలో ఒక సభ్యుడో సభ్యురాలో పాలసీ పత్రమును చదివి, తెలుగులో వివరించు బాధ్యత తీసికొనవలెను. ఇరువది పుటల ఇంగ్లీషు పత్రమునకు భయపడి సంతకము చేయుటయే సగము నష్టములకు మూలము.

ఈ సభ నుండి ఇంటికి చేరిన పిమ్మట ఒక పని చేయుడు. మీ ఇంటి పాలసీ, బండి పాలసీ బయటకు తీసి, మీ ఇంట జరుగు వ్యాపారము మాట వాటిలో ఎక్కడైన ఉన్నదేమో చూడుడు. లేనిచో రేపు ఉదయమే కంపెనీకి ఒక ఉత్తరము వ్రాయుడు. ఉత్తరము చేరవేయుట, సరకు చేరవేయుట మన వృత్తులు. విలువ వ్రాసి, రసీదు తీసికొని పంపవలెనని దినమునకు నూరుమందికి చెప్పుచున్నాము. ఆ మాటను ఇకమీదట మన ఇంటివారికి గూడ చెప్పుదము.